తెల్లారేసరికి డికాక్షన్ రెడీగా ఉండాలంటే: డ్రిప్ కాఫీ మేకర్‌కి టైమర్ పెట్టడం ఎలా?

అమెరికాలో చాలా తెలుగు ఇళ్లల్లో వంటింటి కౌంటర్ మీద డ్రిప్ కాఫీ మేకర్ ఒకటి ఉంటుంది. దాని గడియారం మాత్రం కొన్న రోజు నుంచీ 12:00 అని మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. టైమర్ ఉందని నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టి కొని, రోజూ పొద్దున్నే కళ్లు నులుముకుంటూ వచ్చి చేత్తో బటన్ నొక్కుకునేవాళ్లే ఎక్కువ. టైమర్ పెట్టడం రెండు నిమిషాల పని. అసలు పనంతా రాత్రి పడుకోబోయే ముందు ఉంటుంది. ఎందుకంటే ఆ మెషిన్‌కి టైము తప్ప ఇంకేమీ తెలీదు. ట్యాంకులో నీళ్లున్నాయా, పొడి వేశారా, కింద పాట్ ఉందా అని చూసుకోదు. చెప్పిన టైముకి హీటర్ ఆన్ చేస్తుంది, అంతే.

బటన్ల దగ్గరికి వెళ్లేముందు లోపల ఏం జరుగుతుందో ఒక్క ముక్కలో చెప్తాను. తర్వాత వచ్చే సగం జాగ్రత్తలు దాంతోనే అర్థమైపోతాయి. మామూలు డ్రిప్ మెషిన్‌లో పంపు ఉండదు. వెనక ట్యాంకులో పోసిన నీళ్లు వాటంతటవే కిందికి దిగి, పాట్ కూర్చునే హాట్ ప్లేట్ అడుగున ఉన్న సన్నటి గొట్టంలోకి చేరతాయి. హీటర్ ఆ గొట్టాన్ని వేడి చేస్తుంది. నీళ్లు మరిగి బుడగలు లేస్తాయి, ఆ బుడగలే వేడినీళ్లను పైకి తోసి పొడి మీద పోస్తాయి. నీళ్లు వెనక్కి ట్యాంకులోకి పోకుండా దారిలో ఒక చిన్న వాల్వు అడ్డం ఉంటుంది. చివర్లో గుర్రుగుర్రుమని చప్పుడొస్తుంది చూడండి, ట్యాంకు ఖాళీ అయి గొట్టంలో ఆవిరి మాత్రమే మిగిలిందని దానర్థం. 1972లో మిస్టర్ కాఫీ అనే మెషిన్ అమెరికా మార్కెట్లోకి వచ్చి పాత పర్కొలేటర్లను అటకెక్కించింది. గడియారాలూ లైట్లూ తర్వాత వచ్చి చేరాయి గానీ, మామూలు మెషిన్లలో లోపలి తంతు ఇప్పటికీ ఇదే.

ముందు గడియారం

ప్లగ్గు పెట్టగానే 12:00 వెలిగి ఆరుతుంటే, టైము చెప్పమని అడుగుతోందన్నమాట. చాలా మెషిన్లలో ‘అవర్’, ‘మిన్’ అని రెండు బటన్లుంటాయి. మొదటిదాంతో గంటలు, రెండోదాంతో నిమిషాలు. నొక్కి పట్టుకుంటే అంకెలు గబగబా పరిగెడతాయి, ఒక్కోసారి నొక్కితే ఒక్కొక్కటే కదులుతుంది. కావాల్సిన గంట దాటిపోతే వెనక్కి తిప్పే బటన్ సాధారణంగా ఉండదు, మళ్లీ ఒక చుట్టు తిరిగి రావాల్సిందే. ఓపిగ్గా నొక్కండి. కొన్నింట్లో బటన్ల బదులు తిప్పే నాబ్ ఉంటుంది. దాన్ని ‘క్లాక్’ దగ్గర పెట్టి, పక్కనున్న బాణం గుర్తుల్తో టైము మార్చాలి.

ఇక్కడ మీ కళ్లు ఉండాల్సింది అంకెల మీద కాదు, ఆ పక్కనే ఆవగింజంత కనిపించే ఏఎం, పీఎం గుర్తు మీద. కొన్ని మెషిన్లలో పీఎం అయితేనే చిన్న చుక్క వెలుగుతుంది, ఏఎం అయితే ఏమీ ఉండదు. టైమర్ పనిచేయట్లేదని చెప్పేవాళ్లలో చాలామంది మెషిన్లు బాగానే పనిచేస్తుంటాయి, కాకపోతే సాయంత్రం ఆరింటికి. మీరు రాత్రి పదింటికి గడియారం పెడుతున్నారనుకోండి, అక్కడ 10:00 పీఎం కనబడాలి. అది ఏఎంలో ఉండిపోయి, కాఫీ టైము మాత్రం 6:00 ఏఎం అని సరిగ్గానే పెట్టారనుకోండి. మీకు తెల్లారేసరికి దానికి సాయంత్రం ఆరు. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా కాఫీ వాసన, పాట్‌లో చల్లారిన డికాక్షన్! ఇంకో తిరకాసు కూడా ఉంది. 12:00 పీఎం అంటే మిట్టమధ్యాహ్నం, 12:00 ఏఎం అంటే అర్ధరాత్రి. అంకెలు చుట్టు తిరిగేటప్పుడు పన్నెండు దగ్గరే ఏఎం, పీఎం మారతాయి కాబట్టి అక్కడ కాస్త ఆగి చూసుకోండి.

తర్వాత కాఫీ టైము

ఇప్పుడు ‘ప్రోగ్’ అని గానీ ‘డిలే బ్రూ’ అని గానీ ‘ఆటో ఆన్’ అని గానీ రాసి ఉన్న బటన్ వెతకండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది, పని ఒకటే. దాన్ని నొక్కితే, లేదా రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే, తెర మీద గడియారం పోయి ఇంకో టైము వస్తుంది. అది కాఫీ మొదలవ్వాల్సిన టైము. అది వెలిగి ఆరుతున్నప్పుడే అవర్, మిన్ బటన్లతో మార్చేయాలి. మీరు ఆలోచిస్తూ కూర్చుంటే కొన్ని సెకన్ల తర్వాత తెర మళ్లీ గడియారానికి వెళ్లిపోతుంది. అలా వెళ్లిపోయాక మీరు అవర్ నొక్కితే కాఫీ టైము బదులు గడియారమే మారిపోయే మెషిన్లు కూడా ఉన్నాయి. కాబట్టి అంతా అయ్యాక చేతిలోని ఫోన్‌లో టైము, మెషిన్ మీద టైము ఒకటే ఉన్నాయా అని ఒక్కసారి చూసుకోండి.

ఏ టైము పెట్టాలి? మీరు పెట్టేది కాఫీ మొదలయ్యే టైము, తయారయ్యే టైము కాదు. నిండా నీళ్లు పోస్తే పన్నెండు కప్పుల మెషిన్‌కి పది నిమిషాలు, అటూఇటుగా పడుతుంది. ఆరింటికి గ్లాసు చేతిలో ఉండాలంటే 5:45కి పెట్టుకోవచ్చు. మరీ ముందు పెట్టకండి. హాట్ ప్లేట్ మీద అరగంట కూర్చున్న డికాక్షన్‌కి మాడు వాసన మొదలవుతుంది, పాలు పోసినా ఆ చేదు పోదు. చాలా మెషిన్లు రెండు గంటల తర్వాత వాటంతటవే ఆఫ్ అవుతాయి, కొన్నింట్లో ఆ గడువును తగ్గించుకోవచ్చు కూడా. తగ్గించండి. ఇంకా కొనలేదు, ఇప్పుడే చూస్తున్నానంటారా, హాట్ ప్లేట్ ఉన్న గాజు పాట్ కంటే ఫ్లాస్కు లాంటి స్టీల్ పాట్ ఉన్నదే తీసుకోండి. ఇంట్లో ఒకరు ఐదున్నరకి, ఇంకొకరు ఏడింటికి లేస్తే అదే గతి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే, జెట్‌లాగ్ తీరేదాకా టైమర్ మూడున్నరకి పెట్టినా తప్పులేదు. చీకట్లో కాఫీ మేకర్ ఎలా ఆన్ చేయాలో తెలియక, మిమ్మల్ని లేపడం ఇష్టంలేక సోఫాలో కూర్చుండిపోతారు పాపం.

చివరి బటన్, అందరూ మర్చిపోయేది

గడియారం పెట్టారు, కాఫీ టైము పెట్టారు. ఇంతటితో సగం మందికి పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ టైము మెషిన్‌కి గుర్తున్నంత మాత్రాన అది మొదలెట్టదు. ‘ఆటో’ లైటు వెలగాలి. చాలా మెషిన్లలో ప్రోగ్ లేదా ఆటో బటన్ ఇంకోసారి నొక్కితే ఆకుపచ్చ లైటో నీలం లైటో వెలుగుతుంది. అప్పుడే అది రేపటికి సిద్ధం.

రెండు రకాల మెషిన్లున్నాయి, మీది ఏదో తెలుసుకోండి. కొన్నింట్లో ఒకసారి కాఫీ కాచాక ఆటో లైటు ఆరిపోతుంది. టైము గుర్తుంటుంది, కానీ మళ్లీ రాత్రి వచ్చి బటన్ నొక్కాలి. ఇంకొన్నింట్లో మీరు ఆపేదాకా రోజూ అదే టైముకి మొదలవుతుంది. రెండోదే సుఖం అనిపిస్తుంది గానీ, నా ఓటు మొదటిదానికే. రాత్రి నీళ్లు, పొడి వేసిన చేత్తోనే బటన్ నొక్కుతారు కాబట్టి, వేయని రోజు అది ఊరికే ఉంటుంది. రెండో రకంలో మీరు మర్చిపోయినా, ఊరెళ్లినా అది మాత్రం ఠంచనుగా వేడెక్కుతుంది. ఖాళీ గొట్టం మరీ కాలిపోకుండా లోపల కట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది, అయినా దాన్ని నమ్ముకుని ఊరెళ్లొద్దు. ప్లగ్గు పీకేసి వెళ్లండి.

మొదటిసారి పెడుతున్నవాళ్లు ఒక పని చేయండి. పొడి వేయకుండా ఉత్త నీళ్లు పోసి, ఇప్పటి టైముకి మూడు నిమిషాలు కలిపి కాఫీ టైము పెట్టి, ఆటో నొక్కి ఎదురుగా నిలబడండి. దానంతటది మొదలైతే అంతా సరిగ్గా ఉన్నట్టే. కొత్త మెషిన్ అయితే లోపలి ప్లాస్టిక్ వాసన కూడా ఈ నీళ్లతో పోతుంది. ఆ తర్వాత కాఫీ టైము పొద్దుటికి మార్చుకోవడం మర్చిపోకండి.

రాత్రి గిన్నెలు కడిగాక

డిష్‌వాషర్ ఆన్ చేసే వేళకి కాఫీ మేకర్ పని పెట్టుకుంటే అలవాటైపోతుంది. పాట్ కడిగి, దాంతోనే నీళ్లు కొలిచి ట్యాంకులో పోయండి. ఆ పాట్‌ని వెంటనే దాని స్థానంలో పెట్టండి, మూతతో సహా. మూత సంగతి ఎందుకు చెప్తున్నానంటే, పొడి వేసే బాస్కెట్ అడుగున స్ప్రింగుతో ఒక చిన్న అడ్డు ఉంటుంది. కాఫీ దిగుతుండగా పాట్ తీస్తే కింద చుక్క పడకుండా ఆపేది అదే. పాట్ మూత దాన్ని పైకి నెట్టితేనే దారి తెరుచుకుంటుంది. పాట్ సింకులోనే ఉండిపోయినా, మూత లేకుండా పెట్టినా దారి మూసే ఉంటుంది. పైనుంచి నీళ్లు పడుతూనే ఉంటాయి. బాస్కెట్ నిండి, పొడీ నీళ్లూ కలిసి కౌంటర్ మీదికి, అక్కడి నుంచి డ్రాయర్లలోకి. నిద్రలేచి చూడాల్సిన దృశ్యం కాదది. నిన్నటి డికాక్షన్ పాట్‌లో అలాగే ఉన్నా ఇదే తంతు, కాకపోతే పొంగేది పాట్.

మెషిన్ మీది కప్పు లెక్క చూసి మోసపోకండి. చాలా మెషిన్లలో ఒక కప్పు అంటే 5 ఔన్సులు, దాదాపు 150 మిల్లీలీటర్లు. పన్నెండు కప్పులంటే సుమారు 1.8 లీటర్ల నీళ్లు. అమెరికన్ పద్ధతిలో పాలు లేకుండా తాగేవాళ్లకి లీటరు నీళ్లకి 55 గ్రాముల పొడి అనేది అందరూ పాటించే కొలత, అంటే పాట్ మీది ఒక్కో కప్పు గీతకి ఒకటిన్నర టేబుల్ స్పూన్లు. మనం ఆ లెక్కన వేసి సగం పాలు కలిపితే కుడితి తాగినట్టుంటుంది. పాల కాఫీకి దాదాపు రెట్టింపు వేయాలి. నలుగురికి కావాలంటే నాలుగు గీతల నీళ్లు, అంటే 600 మిల్లీలీటర్లు, అరవై గ్రాముల పొడి. పది పదకొండు టేబుల్ స్పూన్లు వస్తుంది. పొడి తన బరువుకి రెండింతల నీళ్లు తాగేస్తుంది కాబట్టి పాట్‌లోకి దిగేది దాదాపు 480 మిల్లీలీటర్లు ఉంటుంది. దానికి అంతే మరిగిన పాలు. మీ మెషిన్‌లో ‘బోల్డ్’ అనో ‘1–4 కప్స్’ అనో బటన్ ఉంటే అది కూడా నొక్కండి, నీళ్లు నెమ్మదిగా పడి డికాక్షన్ చిక్కగా దిగుతుంది. బాస్కెట్‌లో ఎంత పొడి పడుతుందో మాన్యువల్లో ఉంటుంది, దాన్ని మించితే పొంగుతుంది.

ఇంటి నుంచి తెచ్చుకున్న ఫిల్టర్ కాఫీ పొడి వేయొచ్చా అని అందరూ అడుగుతారు. వేయొచ్చు, కానీ మెత్తటి పొడి, అందులో ముప్పై నలభై శాతం చికోరీ అయితే పేపర్ ఫిల్టర్ పూడుకుపోతుంది. మన ఇత్తడి ఫిల్టర్‌లో గంటసేపు చుక్కచుక్కగా దిగినా ఎవరికీ తొందర లేదు. ఇక్కడ మెషిన్ పైనుంచి నీళ్లు పోస్తూనే ఉంటుంది, కింద దిగకపోతే పక్కలకి పొంగాల్సిందే. మీరు నిద్రలో ఉంటారు కాబట్టి ఆపేవాళ్లు కూడా ఉండరు. టైమర్ మీద పెట్టేటప్పుడు మధ్యస్థంగా, చేత్తో నలిపితే ఉప్మా రవ్వ కంటే కొంచెం సన్నగా తగిలే పొడి వాడండి. చికోరీ రుచి లేకపోతే కాఫీ అనిపించదనేవాళ్లకి న్యూ ఆర్లీన్స్ వాళ్ల కెఫే డు మోండ్ పసుపు డబ్బా ఉంది, అందులో చికోరీ ముందే కలిపి ఉంటుంది, డ్రిప్ మెషిన్‌లో సాఫీగా దిగుతుంది. చికోరీ వద్దు, అసలు కాఫీ రుచే కావాలనుకుంటే అరకు అరబికా గింజలు తెప్పించుకుని మధ్యస్థంగా పట్టించుకోండి. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దాని పేరు ఇక్కడా వినబడుతోంది.

ఫిల్టర్ పేపర్ అంచులు లోపలికి మడతపడకుండా వేయండి. ఒక పక్క వాలిపోతే పొడి సగం కిందికి దిగిపోతుంది. బాస్కెట్ తడిగా ఉంటే తుడవండి, లేకపోతే రాత్రంతా పొడి చెమ్మ పట్టి ముద్దవుతుంది. రాత్రే పొడి వేస్తే వాసన కొంచెం తగ్గుతుంది, నిజమే. పాలు కలిపే కాఫీలో ఆ తేడా నాకైతే పెద్దగా తెలీదు. ఆ కొంచెం కూడా పోకూడదనుకుని గింజలు అప్పటికప్పుడు పట్టే గ్రైండర్ ఉన్న మెషిన్ కొనేముందు, అది పొద్దున్నే చేసే రొద మీ ఇంట్లో పసిపిల్లలు తట్టుకుంటారో లేదో ఆలోచించుకోండి. అపార్ట్‌మెంట్ అయితే పక్కింటివాళ్లు కూడా.

పాలు మాత్రం ట్యాంకులో పోయకండి, సగం నీళ్లు కలిపి కూడా వద్దు. ఆ సన్నటి గొట్టంలో పాలు మాడి అతుక్కుంటే లోపల చెయ్యి పెట్టి తోమే దారే లేదు. పాలు విడిగా స్టవ్ మీద కాయండి. డికాక్షన్ పొద్దున్నే రెడీగా ఉంటే, పాలు పొంగే లోపు పళ్లు తోముకోవచ్చు.

ఇంకో రెండు చూసుకుని పడుకోండి. మెషిన్ పై కప్‌బోర్డు కింద ఉంటే కొంచెం ముందుకి లాగండి. రోజూ ఆవిరి కొడితే చెక్క ఉబ్బి, పెయింటు లేస్తుంది, అద్దె ఇల్లయితే డిపాజిట్‌కే ఎసరు. ప్లగ్గు నేరుగా గోడకి పెట్టండి, ఇది వెయ్యి వాట్ల దరిదాపుల్లో లాగుతుంది, పవర్ స్ట్రిప్‌లో టోస్టర్ పక్కన పెట్టేది కాదు.

పొద్దున్నే లేస్తే కాఫీ లేదు

తెర మీద 12:00 వెలిగి ఆరుతుంటే రాత్రి కరెంటు పోయింది. కొన్ని మెషిన్లకి నిమిషం లోపు కరెంటు వచ్చేస్తే టైము గుర్తుంటుంది, అంతకు మించితే అన్నీ మొదటి నుంచి పెట్టుకోవాల్సిందే. గడియారం సరిగ్గానే ఉంటే ఆటో లైటు చూడండి, ఆ తర్వాత ఏఎం, పీఎం చూడండి. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకీ వెనక్కీ జరుగుతాయి. ఫోన్ దానంతటది మారుతుంది, కాఫీ మేకర్ మారదు. మార్చిలో కాఫీ గంట ఆలస్యంగా వస్తుంది. నవంబరులో గంట ముందే వచ్చి మీరు లేచేసరికి మాడిపోతుంది. ఆరిజోనాలో చాలామందికి ఈ బాధ లేదు.

కాఫీ వచ్చింది గానీ గోరువెచ్చగా ఉంది, లేదా పది నిమిషాల పని ఇరవై నిమిషాలు పట్టింది, ఆవిరి మాత్రం తెగ కక్కుతోంది అంటే గొట్టంలో సున్నం పేరుకుంది. శాన్ ఆంటోనియో, ఫీనిక్స్ లాంటి ఊళ్లలో కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, అక్కడ నెలకోసారైనా కడగాలి. ట్యాంకులో సగం తెల్ల వెనిగర్, సగం నీళ్లు పోసి, ‘క్లీన్’ బటన్ ఉంటే అది, లేకపోతే మామూలుగానే ఆన్ చేయండి. సగం దిగాక ఆపి, అరగంట నానబెట్టి, మిగతాది దింపండి. తర్వాత ఉత్త నీళ్లతో రెండుసార్లు. వెనిగర్ వాసన ముక్కుకి తగిలితే మూడోసారి. దీన్ని శనివారం మధ్యాహ్నం పెట్టుకోండి, రాత్రి పెట్టుకుని పొద్దుటి పొడి కూడా అప్పుడే వేశారంటే అన్నీ కలగాపులగం అవుతాయి. రోజూ కాఫీ అయ్యాక పిప్పి పారేసి, పై మూత తెరిచి ఉంచితే లోపల బూజు పట్టదు. ఆ పిప్పి కరివేపాకు కుండీలో గుప్పెడు వేసుకోవచ్చు, చికోరీ లేనిదైతే.

టైమర్ లేని చవక మెషిన్‌కి స్మార్ట్ ప్లగ్గు పెట్టొచ్చా? టక్కుమని పైకీ కిందికీ పడే స్విచ్చు ఉన్నదైతే పెట్టొచ్చు. స్విచ్చు ఆన్‌లోనే వదిలి, ప్లగ్గుకి ఫోన్‌లో టైము పెట్టండి. వెయ్యి వాట్లు తట్టుకునే ప్లగ్గేనా అని దాని మీద రాసింది చదవండి. తెర, మెత్తటి బటన్లు ఉన్న మెషిన్‌కి ఇది పనికిరాదు. కరెంటు రాగానే అది 12:00 అని వెలుగుతూ నిలబడుతుంది, అంతకుమించి ఏమీ చేయదు.

ఇండియా వెళ్లేటప్పుడు ఈ మెషిన్ అమ్మకి ఇచ్చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. ఇది 120 వోల్టులది, అక్కడ 230. నేరుగా పెడితే కాలిపోతుంది. వెయ్యి వాట్లకి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ బరువుగా ఉంటుంది, సూట్‌కేసులో మామిడికాయ పచ్చడి చోటు అది తింటుంది. పోనీ అక్కడే కొన్నారనుకోండి, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ ఇండియా 50 హెర్ట్జ్ కరెంటుని అమెరికా 60 హెర్ట్జ్ చేయదు. ఆ హెర్ట్జ్‌ని, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కని, పట్టుకుని నడిచే గడియారమున్న మెషిన్లలో టైము గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది. రాత్రి పదింటికి సరిగ్గా పెట్టినా, ఆరింటి కాఫీ ఏడున్నర దాటాక గానీ మొదలవ్వదు. అమ్మకి అక్కడే 230 వోల్టుల మెషిన్ కొనివ్వండి. ఆన్ స్విచ్చు ఒక్కటే ఉన్నది తీసుకున్నా ఫర్వాలేదు, ఎలాగూ ఆవిడ టైమర్ కంటే ముందే లేస్తారు.